కనపడని చోట సూటిగా వెళ్లే స్క్రూ: చీలమండ ఎముకలకు త్రీడీ దారి



ఈ నెల సైన్స్ పేజీకి విషయం నేను వెతుక్కోలేదు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకరు కాలికి కట్టుతో, చంకల కింద కర్రలతో క్లాసుకు వచ్చి, విషయాన్ని తనే తెచ్చి ఇచ్చాడు. ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆడుతుంటే పాదం మడత పడింది. బెణుకే కదా అని ఇంట్లో రెండు రోజులు నూనె రాసి మర్దన చేశారు. వాపు తగ్గలేదు, కాలు కింద పెట్టలేకపోయాడు. మూడో రోజు ఎక్స్-రే తీయిస్తే ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో ఒక గీత, పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో ఇంకో గీత కనిపించాయి. "రెండు చోట్ల విరిగిందా డాక్టర్ గారూ?" అని తండ్రి అడిగితే, "కాదండీ, ఒకటే విరుపు. అది మూడు దిక్కుల్లో తిరిగింది. సీటీ స్కాన్ చూస్తే గానీ స్క్రూ ఎటు వేయాలో చెప్పలేను" అన్నారట.

ఆ తండ్రి ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాప్ నడుపుతారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "టీచర్, మేం ఇనుము కళ్ల ముందు పెట్టుకుని డ్రిల్ వేస్తేనే ఒక్కోసారి పక్కకు పోతుంది. మా వాడి కాలి లోపల, కనపడని చోట, సూటిగా వెళ్తుందని వాళ్లకెలా తెలుస్తుంది?"

చాలా మంచి ప్రశ్న. నేను ఫిజిక్స్ చెప్పే టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. అయినా దీనికి జవాబులో సగం మన పిల్లలు చదివే ఫిజిక్స్, లెక్కలే ఉన్నాయి. మిగతా సగం ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన జాగ్రత్త. రెండూ ఇక్కడ రాస్తున్నాను.

ఎక్స్-రే అంటే ఒక నీడ

ఈ రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో కలిసి ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక నిమ్మకాయ, ఒక అగరుబత్తి పుల్ల, ఫోన్ టార్చ్ చాలు. గదిలో లైటు ఆర్పి, నిమ్మకాయ నీడ గోడ మీద పడేలా పట్టుకోండి. ఇప్పుడు పుల్లను నిమ్మకాయకు తగలకుండా, దాని ముందు రెండు అంగుళాల దూరంలో పట్టుకోండి. గోడ మీద చూస్తే పుల్ల మొన నిమ్మకాయ లోపల ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది బయట గాలిలో ఉంది.

ఎక్స్-రే ఫిల్మ్ కూడా ఇలాంటి నీడే. 1895లో జర్మనీలో రాంట్జెన్ ఈ కిరణాలను కనిపెట్టినప్పటి నుంచి ఎముకల వైద్యం తీరే మారిపోయింది. 1901లో ఫిజిక్స్‌కు మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. కానీ నీడకు లోతు ఉండదు. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

"అయితే రెండు వైపుల నుంచి తీస్తే సరిపోతుంది కదా?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. చాలాసార్లు సరిపోతుంది, అన్నిసార్లూ కాదు. ఒక లడ్డూను సరిగ్గా పట్టే చదరపు డబ్బాలో పెట్టారనుకోండి. నాలుగు మూలల్లో కొంచెం ఖాళీ మిగులుతుంది. ఒక సూది మొన ఆ మూల ఖాళీలో ఉంటే, ముందు నుంచి చూసినా, పక్క నుంచి చూసినా అది లడ్డూ వెడల్పు లోపలే కనిపిస్తుంది. రెండు నీడలూ "లోపలే ఉంది" అంటాయి, మొన మాత్రం బయటే ఉంటుంది. గుండ్రంగా, వంపులు తిరిగి ఉండే ఎముకల్లో స్క్రూ వేసేటప్పుడు సర్జన్‌కు ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే.

ఈ లోతు సమస్యకు జవాబుగా వచ్చిందే సీటీ స్కాన్. ఇంగ్లండ్‌కు చెందిన ఇంజనీర్ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971లో మొదటి రోగికి స్కాన్ తీశారు. ఎక్స్-రే గొట్టం శరీరం చుట్టూ తిరుగుతూ ఎన్నో కోణాల నుంచి నీడలు తీస్తుంది. కంప్యూటర్ ఆ నీడలన్నిటినీ లెక్కగట్టి, బ్రెడ్ ముక్కల్లా పలుచని పొరలుగా శరీరం లోపలిని చూపిస్తుంది. ఈ పనికి హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్ ఇద్దరికీ 1979లో నోబెల్ వచ్చింది.

చీలమండలో ఒక్క మిల్లీమీటర్ ఎంత?

చీలమండను చేత్తో తడిమి చూడండి. లోపలి వైపు గుబ్బ మోకాలి కింది పెద్ద ఎముక టిబియా కొస. బయటి వైపు గుబ్బ సన్న ఎముక ఫిబులా కొస. ఈ రెండూ కలిసి తలుపు చట్రంలా ఏర్పడతాయి. ఆ చట్రంలో ఇమిడి పైకీ కిందికీ కదిలే ఎముక టేలస్. దాని కింద మడమ ఎముక కాల్కేనియస్ ఉంటుంది. మనం వేసే ప్రతి అడుగులో శరీరం బరువంతా టిబియా నుంచి టేలస్‌కు, అక్కడి నుంచి పాదానికి దిగుతుంది.

ఈ చట్రం ఎంత బిగుతుగా అమరి ఉందో తెలియడానికి ఒక్క అంకె చాలు. 1976లో రామ్సీ, హామిల్టన్ అనే పరిశోధకులు చనిపోయినవారి కాళ్ల మీద ప్రయోగం చేసి చూశారు. టేలస్ తన చోటు నుంచి బయటి వైపుకు కేవలం 1 మిల్లీమీటర్ జరిగితే, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం 42 శాతం తగ్గిపోయింది. బరువు అంతే ఉంటుంది, దాన్ని మోసే చోటు తగ్గిపోతుంది. అలా ఏళ్ల తరబడి నడిస్తే కీలు మీది మృదులాస్థి అరిగిపోయి, వయసు మీద పడకముందే కీళ్లవాతం వస్తుంది.

టేలస్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. దాని ఉపరితలంలో సగానికి పైగా మృదులాస్థే కప్పి ఉంటుంది. ఒక్క కండరం కూడా దానికి అతుక్కుని ఉండదు. అందుకే రక్తనాళాలు లోపలికి వెళ్లే చోటు చాలా తక్కువ. టేలస్ మెడ భాగం విరిగి ముక్కలు పక్కకు జరిగితే రక్తం అందక ఎముక లోపల చచ్చిపోయే ప్రమాదం ఉంది. ముక్కలు ఎంత ఎక్కువ జరిగితే ప్రమాదం అంత ఎక్కువని 1970లో హాకిన్స్ అనే సర్జన్ వర్గీకరించి చూపారు. నేటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే ఆ విరుపులను పిలుస్తారు. ఇంత చిన్న ఎముకలో, ఇంత ఇరుకు దారిలో స్క్రూ వేయాలి. కొంచెం పక్కకు పోతే కీలులోకి పొడుచుకు వస్తుంది. మళ్లీ తీసి వేద్దామంటే ఎముకలో ఇంకో రంధ్రం పడుతుంది.

పిల్లల చీలమండ పెద్దల చీలమండ కాదు

మన పిల్లల ఎముకల కొసల దగ్గర గ్రోత్ ప్లేట్ అనే మెత్తని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆ పొర మృదులాస్థి కాబట్టి ఎక్స్-రేలో తెల్లగా పడదు, నల్లని సందులా కనిపిస్తుంది. విరుపు ఆ సందు గుండా పోతే కొన్నిసార్లు ఫిల్మ్‌లో తెలియదు. "ఎక్స్-రేలో ఏమీ లేదు" అన్నాక కూడా పిల్లవాడు కాలు కింద పెట్టలేకపోతే మళ్లీ చూపించమని చెప్పడానికి ఇదొక కారణం.

సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఇంకో విచిత్రం జరుగుతుంది. టిబియా కింది కొసలో ఈ పొర ఒక్కసారిగా మూసుకుపోదు. మధ్యలో మొదలై, లోపలి వైపుకు సాగి, చివరికి బయటి వైపు గట్టిపడుతుంది. దీనికి ఏడాదిన్నర దాకా పడుతుంది. అంటే కొంతకాలం సగం గట్టిగా, సగం మెత్తగా ఉంటుంది. ఆ సమయంలో పాదం మెలిక పడితే విరుపు సూటిగా పోదు. కింది కొసలో నిలువుగా, పొర గుండా అడ్డంగా, పైన వెనక వైపుకు మరో తలంలో తిరుగుతుంది. మూడు తలాల్లో సాగుతుంది కాబట్టి డాక్టర్లు దీన్ని ట్రైప్లేన్ ఫ్రాక్చర్ అంటారు. మా విద్యార్థికి జరిగింది ఇదే. ముందు ఫిల్మ్‌లో ఒక గీత, పక్క ఫిల్మ్‌లో వేరే గీత కనిపించింది అందుకే.

ఇలాంటి విరుపులో కీలు ఉపరితలం దగ్గర ఎడం 2 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా ఆపరేషన్ చేసి సరిచేయాలంటారు. స్క్రూ దిశ కూడా ముఖ్యమే. ఇంకా చాలా ఏళ్లు ఎదగాల్సిన చిన్న పిల్లలైతే స్క్రూ గ్రోత్ ప్లేట్‌ను అడ్డంగా కోసుకుంటూ పోకూడదు. పోతే ఎదుగుదల ఆగిపోవచ్చు, లేదా కాలు వంకరగా పెరగవచ్చు. అందుకే వీలైనంత వరకు పొరకు సమాంతరంగా, దానికి పైనో కిందో ఉన్న ఎముకలోనే స్క్రూ వేస్తారు. మళ్లీ అదే లెక్క: మిల్లీమీటర్లు, కోణాలు.

మామూలుగా స్క్రూ ఎలా వేస్తారు?

ఆపరేషన్ థియేటర్లో ఇంగ్లిష్ 'సి' అక్షరం ఆకారంలో ఉండే ఎక్స్-రే యంత్రం ఉంటుంది. దాన్ని సీ-ఆర్మ్ అంటారు. సర్జన్ ముందు విరిగిన ముక్కలను సరైన చోట కూర్చి, ఒక సన్నని తీగను ఎముకలోకి పంపుతారు. సీ-ఆర్మ్‌తో ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూస్తారు. తీగ దారి తప్పితే వెనక్కి తీసి మళ్లీ పంపుతారు. దారి కుదిరాక, మధ్యలో గొట్టంలా బోలుగా ఉండే స్క్రూను ఆ తీగ మీదుగా ఎక్కించి బిగిస్తారు. చివరికి తీగను లాగేస్తారు. స్క్రూకు తీగే దారి.

అనుభవం ఉన్న సర్జన్ల చేతిలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇప్పటికీ ఎక్కువ ఆపరేషన్లు ఇలాగే జరుగుతాయి. కానీ విరుపు క్లిష్టమైతే తీగను చాలాసార్లు పంపాల్సి వస్తుంది. అప్పుడు ఆపరేషన్ సమయం పెరుగుతుంది, ఎక్స్-రే షాట్లు పెరుగుతాయి, ఎముకలో అనవసరపు రంధ్రాలు పడతాయి. త్రీడీ సాంకేతికత సాయపడేది ఇక్కడే.

త్రీడీ దారి: మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు, సీటీ స్కాన్. పాదాన్ని సుమారు ఒక మిల్లీమీటర్, లేదా అంతకన్నా పలుచని పొరలుగా స్కాన్ చేస్తారు. అవసరమైతే దెబ్బ తగలని కాలును కూడా తీస్తారు. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

రెండో మెట్టు, ఎముకను వేరు చేయడం. స్కాన్‌లో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు కొన్ని వందలు, అంతకు మించి. హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే ఈ కొలమానం ఉంది. ఫలానా అంకెకు పైన ఉన్నవన్నీ ఉంచి మిగతావి తీసేయమంటే, కంప్యూటర్ తెర మీద మాంసం మాయమై ఎముక ఒక్కటే మిగులుతుంది. మృదులాస్థి, కలిసిపోయినట్టు కనిపించే సందులు ఉన్న చోట మనిషి కూర్చుని సరిదిద్దాలి.

మూడో మెట్టు, తెర మీద అతికించడం. విరిగిన ఒక్కో ముక్కకు ఒక్కో రంగు ఇచ్చి, వాటిని తిప్పి, జరిపి, సరైన చోట కూరుస్తారు. సరైన చోటు ఏదో తెలిసేదెలా? మన కుడి కాలు, ఎడమ కాలు దాదాపు అద్దంలో ప్రతిబింబాలు. బాగున్న కాలి బొమ్మను అద్దంలో తిప్పినట్టు తిప్పి, దాని మీద విరిగిన ముక్కలను అమర్చి చూస్తారు. ఆరు, ఏడు తరగతుల్లో మన పిల్లలు సౌష్ఠవం పాఠంలో చేసేది ఇదే. ఇంటర్‌కు వెళ్లాక మూడు అక్షాల నిరూపకాల్లో ఒక్క గుర్తు మార్చితే ప్రతిబింబం వస్తుందని నేర్చుకుంటారు. "ఇవన్నీ ఎందుకు పనికొస్తాయి?" అని ఇంట్లో అడిగితే, ఇందుకు అని చెప్పండి.

నాలుగో మెట్టు, స్క్రూ దారి గీయడం. ఎక్కడ లోపలికి వెళ్లాలి, ఏ కోణంలో, ఎంత లావు, ఎంత పొడవు అన్నీ తెర మీదే నిర్ణయిస్తారు. ఎముకను తిప్పి ప్రతి వైపు నుంచీ చూసి, మొన కీలులోకి రావట్లేదని, పిల్లల్లో అయితే గ్రోత్ ప్లేట్‌ను దాటట్లేదని సరిచూసుకుంటారు. ఇక్కడ తప్పు జరిగితే చెరిపి మళ్లీ గీయవచ్చు. ఎముకలో రంధ్రం వేశాక చెరపలేం.

ఐదో మెట్టు, ప్రింట్ చేయడం. త్రీడీ ప్రింటర్ వస్తువును పొర మీద పొర పేర్చుకుంటూ తయారు చేస్తుంది. అమెరికాలో చార్లెస్ హల్‌కు 1986లో పేటెంట్ వచ్చిన పద్ధతి నుంచి ఈ రంగం పెరిగింది. ఇక్కడ రెండు వస్తువులు ప్రింట్ అవుతాయి. ఒకటి, అసలు సైజులో ఎముక నమూనా. దాన్ని చేతిలో పట్టుకుని సర్జన్ ముందే సాధన చేయవచ్చు, ప్లేటును దానికి తగ్గట్టు ముందే వంచి ఉంచుకోవచ్చు. కుటుంబ సభ్యులకు చూపించి వివరించడానికీ పనికొస్తుంది. రెండోది గైడ్. దాని అడుగు భాగం ఆ రోగి ఎముక వంపులకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. పైన తీగ వెళ్లడానికి నాలుగో మెట్టులో నిర్ణయించిన కోణంలోనే ఒక గొట్టం ఉంటుంది.

ఆరో మెట్టు, ఆపరేషన్. శుద్ధి చేసిన గైడ్‌ను ఎముక మీద ఆనిస్తే అది ఒకే ఒక్క చోట సరిగ్గా కూర్చుంటుంది. గొట్టం గుండా తీగను పంపి, సీ-ఆర్మ్‌తో సరిచూసుకుని, గైడ్ తీసేసి, తీగ మీదుగా బోలు స్క్రూను బిగిస్తారు.

ఇదంతా చెబితే ఆ వర్క్‌షాప్ తండ్రి నవ్వి, "అంటే ఎముకకు జిగ్ చేశారన్నమాట!" అన్నారు. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. స్టీల్‌ప్లాంట్‌లో, షిప్‌యార్డులో, ఆటోనగర్‌లో పనిచేసే చాలా మంది తల్లిదండ్రులకు డ్రిల్ జిగ్ రోజూ చేతిలో ఉండేదే. తేడా ఒక్కటే. అక్కడ ఒకే జిగ్‌తో వంద వస్తువులకు రంధ్రాలు వేస్తారు. ఇక్కడ ఒక్క మనిషికి, ఒక్కసారికే ఒక జిగ్.

గైడ్ ప్రింట్ చేయకుండా ఇంకో దారి కూడా ఉంది. థియేటర్లోనే కాలి చుట్టూ తిరిగి త్రీడీ బొమ్మ తీసే సీ-ఆర్మ్‌లు ఉన్నాయి. వాటికి నావిగేషన్ జోడిస్తే, కెమెరా సర్జన్ చేతిలోని పరికరాన్ని గమనిస్తూ, మొన ఎముకలో ఎక్కడుందో తెర మీద అప్పటికప్పుడు చూపిస్తుంది. ఫోన్లో మ్యాప్ పెట్టుకుని కొత్త వీధిలో వెళ్లడం లాంటిదే. అయితే ఈ యంత్రాలు ఖరీదైనవి, అన్ని ఆసుపత్రుల్లో ఉండవు.

మన విశాఖకు దీనితో ఏం సంబంధం?

మనది పోర్టు, ఉక్కు, కట్టడాల ఊరు. నిచ్చెన మీద నుంచి, పరంజా మీద నుంచి పడి మడమల మీద దిగినవారికి విరిగేది చాలాసార్లు కాల్కేనియస్సే. ఇలా పడినవారిలో సుమారు పది మందిలో ఒకరికి నడుము వెన్నుపూస కూడా దెబ్బతింటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఎత్తు నుంచి మడమల మీద పడితే, నడుము నొప్పి ఉందేమో కూడా డాక్టర్‌కు చెప్పండి. మడమ విరిగితే వాపు తగ్గేదాకా సాధారణంగా వారం నుంచి రెండు వారాలు ఆగి ఆపరేషన్ చేస్తారు. త్రీడీ ప్రణాళికకు, ప్రింటింగ్‌కు ఆ సమయం చక్కగా సరిపోతుంది.

దెబ్బలే కాదు, మందు కూడా మన ఊళ్లో ఉంది. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి తరతరాలుగా ఉత్తరాంధ్ర ఎముకలకు కట్లు కడుతోంది. స్టీల్‌ప్లాంట్‌కు సమీపంలో 270 ఎకరాల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకే కట్టిన పారిశ్రామిక ప్రాంగణం. 2018 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల నాలుగో ప్రపంచ సదస్సును అక్కడే జరిపింది. ఆ ప్రాంగణంలో వైద్య అవసరాల కోసం త్రీడీ ప్రింటింగ్ కేంద్రం ఉంది. ఇంజనీరింగ్ అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అనుకునే మన పిల్లలకు, లెక్కలు, జీవశాస్త్రం, డిజైన్ మూడూ కలిసే ఈ రంగం గురించి చెప్పండి. ఎక్కడో విదేశాల్లో కాదు, గాజువాక దాటితే కనిపించే దూరంలో ఉంది.

ఇది మంత్రం కాదు

పరిమితులు చెప్పకపోతే ఈ వ్యాసం ప్రకటన అయిపోతుంది. టేలస్ చోటు తప్పి చర్మాన్ని నొక్కుతున్నప్పుడు, ఎముక బయటికి వచ్చినప్పుడు ప్రింటింగ్ కోసం ఆగకూడదు. వెంటనే ఎముకను దాని చోటుకు చేర్చడమే ముఖ్యం. గైడ్ సరిగ్గా కూర్చోవాలంటే ఎముక ఉపరితలం శుభ్రంగా కనిపించాలి. మధ్యలో కొంచెం కణజాలం ఉన్నా కోణం మారిపోతుంది. ప్లాస్టిక్ ఎంపిక కూడా ముఖ్యమే. హాబీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్ మన ప్రెషర్ కుక్కర్ లాంటిది, 121 డిగ్రీలు, ఆపైన వేడి ఉంటుంది. గైడ్ అందులో వంగిపోతే దారి కూడా వంగిపోతుంది. అందుకే వేడిని తట్టుకునే, శరీరానికి హాని చేయని పదార్థాలు వాడాలి, లేదా తక్కువ వేడితో శుద్ధి చేసే పద్ధతులు కావాలి.

క్లిష్టమైన విరుపుల్లో త్రీడీ ప్రణాళిక వల్ల ఆపరేషన్ సమయం, రక్తస్రావం, ఎక్స్-రే షాట్లు తగ్గుతాయని అధ్యయనాలు చూపుతున్నాయి. కానీ ప్రతి చిన్న పగులుకూ ఇది అవసరం లేదు. చాలా చీలమండ దెబ్బలకు పిండికట్టు, విశ్రాంతి చాలు. మా విద్యార్థికి కూడా గైడ్ ప్రింట్ చేయలేదు. సీటీ నుంచి తయారైన త్రీడీ బొమ్మను తెర మీద తిప్పి చూసి, దిశ నిర్ణయించుకుని, రెండు స్క్రూలు వేశారు. అతనికి అదే సరిపోయింది.

తల్లిదండ్రులుగా మీరు చేయగలిగినవి

దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపించండి. నూనె రాసి మర్దన చేయకండి, లాగకండి, పసరు కట్టు కట్టించకండి. గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి.

ఎక్స్-రే కావాలా వద్దా అన్నదానికి కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో తేలికైన సూత్రాలు ఇచ్చారు. చీలమండ నొప్పితో పాటు, రెండు గుబ్బల వెనక అంచు మీద గానీ కొస మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ ఆసుపత్రిలోనూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్-రే తీయాలి. పాదం మధ్యలో లోపలి వైపు ఎముక మీద, బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదలు మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే. పిల్లల విషయంలో ఇంకాస్త ముందు జాగ్రత్తే మంచిది.

పాదం వంకర తిరిగినా, ఎముక కనిపించినా, వేళ్లు చల్లబడి నీలంగా మారినా, స్పర్శ తెలియకపోయినా 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు డాక్టర్ చూసేదాకా తినడానికి ఏమీ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

డాక్టర్‌ను ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి: విరుపు కీలు ఉపరితలం దాకా వెళ్లిందా? ఎడం ఎన్ని మిల్లీమీటర్లు? గ్రోత్ ప్లేట్‌కు తగిలిందా? సీటీ స్కాన్ వల్ల నిర్ణయం మారుతుందా? స్క్రూలు తర్వాత తీయాలా? ఎదుగుదల చూడటానికి ఎన్నాళ్లు రావాలి? సీటీ అంటే భయపడకండి. పాదం స్కాన్‌లో రేడియేషన్ ఛాతీ, కడుపు స్కాన్‌ల కంటే చాలా తక్కువ. అలాగని "ఎందుకైనా మంచిది, తీసేయండి" అని మీరే పట్టుబట్టకండి. కారణం ఉంటేనే తీయాలి.

కట్టు వేశాక నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లు మొద్దుబారుతుంటే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. స్కూల్‌కు కూడా వెంటనే చెప్పండి. క్లాసులో కాలు చాపుకునే సీటు, మెట్లెక్కడానికి తోడు, పోయిన పాఠాల నోట్సు మేం చూసుకుంటాం.

బండి మీద చిన్న పిల్లలను వెనక కూర్చోబెట్టేటప్పుడు చక్రానికి గార్డు ఉందో లేదో చూడండి. చువ్వల్లో కాలు పడి మడమ నలిగిన పిల్లలు ఎక్కువే.

మా విద్యార్థి ఇప్పుడు కర్రలు లేకుండా నడుస్తున్నాడు. ఫుట్‌బాల్‌కు ఇంకా అనుమతి రాలేదు. గ్రౌండ్ అంచున కూర్చుని స్కోరు రాస్తున్నాడు. వాళ్ల నాన్నగారు మాత్రం ఒక మాట అన్నారు: "ఆ రెండు రోజులు మర్దన చేయకుండా ఉండాల్సింది టీచర్." ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనలో ఇంకొకరు ఆ రెండు రోజులు పోగొట్టుకోకూడదని.

నిమ్మకాయ ప్రయోగం మాత్రం మర్చిపోకండి. పిల్లలు ఏమన్నారో వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నాకు చెప్పండి.